రెండు నల్ల స్క్రూలు

గట్టులా అడ్డంగా పరిచిన పడకగది పాత తలుపుకి నడిమధ్యలో చతురస్రంగా రంధ్రం కోస్తుంటే మేస్త్రికి మనసు చివుక్కుమంది. మంచి చెక్క. ఈ రోజుల్లో ఇలాంటిది వెతికినా దొరకదు. అయినా రంపం ఆపలేదు. కోసిన ముక్క అడుగున ఊడి పడబోతుంటే మోకాలితో ఆపి, కొత్త పొయ్యిని ఆ రంధ్రంలోకి దింపాడు. అంచులు సరిగ్గా కూర్చున్నాయి.

"ఇంతకీ ఇది తలుపా, వంటగట్టా తమ్ముడూ?" వెనకనుంచి వంటక్క అడిగింది.

"నెల రోజులు వంటగట్టు. ఆ తర్వాత ముక్కలు ముక్కలు."

"అదృష్టవంతురాలు. నెల తర్వాత తన గతేమిటో ముందే తెలిసింది."

మేస్త్రి నవ్వాడు. ఆమె నవ్వలేదు. జోకు వేసి నవ్వకపోవడం ఆమెకి అలవాటు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో వండుతోంది. పెరటివైపు గదిలోనే ఉంటుంది. మనిషి బక్కపలచన. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. మరిగే గిన్నెని పలచటి గుడ్డతో పట్టుకుని, తొణక్కుండా ఈ గదినుంచి ఆ గదికి నడిచిపోయే చేతులు.

వంటగది మొత్తం పడగొట్టి కొత్తగా కట్టాలి. అలమారాలు తయారవడానికి నెల పడుతుంది. కానీ అలమారాల్లో బిగించాల్సిన ఓవెను, పొయ్యి ముందే దిగిపోయాయి. వాటిని దింపిన షాపువాళ్ళు మాట ప్రకారం పాత పొయ్యిని మారుగా పట్టుకుపోయారు. అప్పుడు తెలిసింది ఇంట్లోవాళ్ళకి, నెల రోజులు దేనిమీద వండుకోవాలో ఎవరూ ఆలోచించలేదని. మేస్త్రికి ఫోను వచ్చింది. భోజనాల గది మూలలో తాత్కాలికంగా ఏదో ఒకటి నిలబెట్టాలి. అది బాగా చేస్తే వంటగది మొత్తం నీకే, అన్నాడు ఇంటాయన.

వంటగది మొత్తం. ఎనిమిది నెలలుగా మేస్త్రి చేతికి వచ్చినవన్నీ ఊడిన గొళ్ళేలు, విరిగిన మంచం కోళ్ళు. అలమారాలన్నీ ఫ్యాక్టరీలో తయారై అట్టపెట్టెల్లో దిగుతున్న రోజుల్లో, ఒక మనిషి చేత్తో వంటగది కట్టించుకుంటానని ఒకరు అనడమే గొప్ప.

ఓవెను కోసం ప్లైవుడ్‌తో పెట్టె కట్టాడు. అడుగు, రెండు పక్కలు, వెనక ఒక పట్టీ. వేడి పోవాలి కాబట్టి పైన మూత పెట్టలేదు. పెట్టెని ఇనుప మూలకట్లతో గోడకి బిగించాడు. ఓవెనుని ఇంటాయన ఒక పక్క, తను ఒక పక్క పట్టి ఎత్తి అందులోకి తోశారు.

"అక్కా, ఒక్కసారి ఇటు రా. ఇది చూడు."

ఓవెను తలుపు కిందికి తెరిచాడు. తెరుచుకున్న తలుపు అంచు మీద రెండే రెండు వేళ్ళు ఆనించి నొక్కాడు. అంత బరువున్న ఓవెనూ వినయంగా ముందుకి వంగింది. వెనక భాగం బెత్తెడు పైకి లేచింది.

"అమ్మో!" అంది వంటక్క.

"దీని బలం గోడలో ఉంటుంది, దీన్లో ఉండదు. అందుకే ఇవి." జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సంచి తీశాడు. ఓవెనుతోపాటు కంపెనీ పంపిన రెండు స్క్రూలు. పొడవుగా, నల్లటి తలలతో, తల మధ్యలో నక్షత్రంలాంటి గుంటతో ఉన్నాయి. తలుపు తెరిస్తే కనబడే చట్రంలోంచి పెట్టె పక్కపలకల్లోకి ఇటొకటి, అటొకటి బిగించాడు. మళ్ళీ తలుపు తెరిచి ఈసారి అరచేత్తో, భుజం బరువు వేసి నొక్కాడు. ఓవెను కదల్లేదు.

"ఈ రెండూ ఉన్నంతకాలం నువ్వు దీనిమీద కూర్చున్నా ఏం కాదు."

"కూర్చోడానికి టైమెవరిస్తారు నాకు?" అని, మూతపెట్టిన ప్లేటొకటి తలుపు చెక్క మీద పెట్టింది. "తిను. నీ కొత్త గట్టు మీద మొదటి ఎంగిలి నీదే."

బుధవారం మేస్త్రి కొలతలకి వచ్చాడు. వంటగది గోడలు మూడుసార్లు కొలిచాడు. ఏ గోడా నిటారుగా లేదు. కాగితం మీద రాసుకుంటూ భోజనాల గదిలోకి వచ్చేసరికి, వంటక్క ఓవెను తలుపు తెరిచి లోపల గుడ్డతో తుడుస్తోంది. మేస్త్రి కన్ను అలవాటు ప్రకారం చట్రం మీదికి పోయింది.

రెండు పక్కలా రెండు ఖాళీ రంధ్రాలు.

"స్క్రూలేవక్కా?"

"సారు నిన్న సాయంత్రం తీశారు. ఏదో ఫొటో తియ్యాలని."

ఇంటాయన ఫోను మాట్లాడుతూనే వచ్చాడు. పుట్టినరోజుకి వచ్చిన పనిముట్ల పెట్టె ఆయన దగ్గరుంది. అందులో నక్షత్రం గుంటకి సరిపోయే బిట్టు కూడా ఉంది. "వారంటీ నమోదు చెయ్యాలంటే నంబరు కావాలి మేస్త్రీ. నంబరు చీటీ తెలివిగా వెనక అతికించారు. నేనే తీసి లాగాను. ఫొటో సరిగ్గా రాలేదు, మళ్ళీ తియ్యాలి."

"మళ్ళీ బిగించేస్తాను సార్, రెండు నిమిషాలు. ఎక్కడ పెట్టారు?"

"ఇక్కడే ఎక్కడో. వదిలెయ్యవయ్యా, ఈ వారంలోనే మళ్ళీ లాగాలి కదా. అయినా నెలరోజుల ముచ్చటకి ఇంత హడావుడా? ముందు ఇది చూడు." బల్లమీద పెద్ద కాగితం పరిచాడు. వంటగది బొమ్మ. పై అలమారాలు, కింది అలమారాలు, మూల తిరుగుడు అరలు. "నీ పేరు చెప్పగానే మా ఇంజనీరు మొహం చిట్లించాడు. ఫ్యాక్టరీకి ఇవ్వమంటున్నాడు. నేనే పట్టుబట్టాను."

మేస్త్రి కాగితం వైపు చూశాడు. తర్వాత ఖాళీ రంధ్రాల వైపు చూశాడు. 'కాదు సార్, ఇప్పుడే బిగించాలి' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పట్టుబట్టినాయన ముందు తాను పట్టుబట్టడం బాగుంటుందా? కాగితం మీదికి వంగాడు.

వెళ్ళేముందు మాత్రం వంటక్కని పక్కకి పిలిచాడు.

"అక్కా, సారు బిగించేదాకా జాగ్రత్త. తలుపు మీద ఏదీ పెట్టకు. బరువైన ట్రే తీసేటప్పుడు ఎడమచేత్తో పైనుంచి ఓవెనుని గట్టిగా వెనక్కి పట్టుకో. కుడిచేత్తో ట్రే లాగు."

ఆమె ఎడమచెయ్యి చాపి, గుడ్డతో ఓవెను పైభాగం పట్టుకుని చూపించింది. "ఇలాగా?"

"అలాగే."

"పశువుని కట్టేసినట్టుందయ్యా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటాయన ఫోను చేశాడు. గొంతు మామూలుగానే ఉంది. "మేస్త్రీ, రేపు పొద్దున్నే ఒకసారి రా. కాస్త ప్లైవుడ్ పట్టుకుని రా. ఆ పెట్టె మళ్ళీ చెయ్యాలి."

"ఏమైంది సార్?"

"ఓవెను అద్దం పగిలింది. వంటమనిషికి కొంచెం కాలింది. రా, చెప్తాను."

మేస్త్రి శనివారం ఎనిమిదింటికల్లా వెళ్ళాడు. గది కడిగేశారు. అయినా గట్టు తలుపు కింద, గోడవారన, చెయ్యి పట్టని చోట అద్దం పలుకులు మెరుస్తున్నాయి. ఓవెనుని గోడకి చేరేసి ఉంచారు. తలుపుకి అద్దం లేదు. కింది మూల చట్రం సొట్టబోయింది.

పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చెక్కే చెబుతోంది. ముందు అంచు నలిగి, పొరలు విచ్చుకుని ఉంది. ఓవెను ఆ అంచు మీదుగానే బోర్లింది. పక్కపలకల్లో రెండు రంధ్రాలున్నాయి. వేలి గోరు పెట్టి తడిమాడు. మరలు మరలుగా, శుభ్రంగా, ఒక్క పీచు కూడా లేవలేదు. బరువుకి పీక్కొచ్చిన స్క్రూ అయితే చెక్కని చీల్చుకుని వస్తుంది. ఇవి స్క్రూడ్రైవరుతో నిదానంగా తిప్పి తీసిన రంధ్రాలు. బుధవారం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఇంటాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడింది.

"మధ్యాహ్నం మూడింటికి కంపెనీ మనిషి వస్తున్నాడు," అన్నాడు ఇంటాయన. "అద్దం తనంతట తనే పగిలిందంటే కొత్త ఓవెను ఇస్తారు. అలా పగలడం మామూలేనట. కానీ వాళ్ళు చెప్పినట్టు బిగించి ఉండాలి. వాళ్ళ స్క్రూలతోనే. పేలగానే వంటమనిషి కంగారుపడి ట్రే చేతులమీద వేసుకుంది. అంతే జరిగింది."

"ఓవెను ముందుకి పడింది కదా సార్?"

"నువ్వు చూశావా?"

మేస్త్రి నలిగిన అంచు వైపు చూశాడు.

"చూడు మేస్త్రీ. బిగించి లేదని వాడు కనిపెడితే, ఎవరు బిగించారని అడుగుతాడు. నీ పేరే చెప్పాలి నేను. ఇంజనీరు చెవిన పడుతుంది. అప్పుడు వంటగది నీకెలా ఇవ్వను?" గొంతు తగ్గించాడు. "ఆ స్క్రూలే కనబడటం లేదు. కిటికీలో పెట్టానని గుర్తు. ఇల్లంతా గాలించాం."

"మన దగ్గరున్న వేరే స్క్రూలు..."

"నల్లవే కావాలి. పుస్తకంలో బొమ్మ కూడా వేశాడు."

గుమ్మంలోంచి ఆయన భార్య అంది. "పాపం, తననేమీ అనడం లేదు. వయసైంది, చేతులు వణికాయి. మా తప్పే అయితే నయమయ్యేదాకా ఇక్కడే ఉంచుకుని చూసుకునేవాళ్ళం కదా. కానీ తను వదిలేసిన ట్రేకి మేమేం చేస్తాం?"

మేస్త్రి ప్లైవుడ్ పలక భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళాడు. టేపు పరిచి గీతలు గీశాడు. రంపం ఆడిస్తున్నంతసేపూ ఆ మాటే తిరుగుతోంది. చేతులు వణికాయి. ఆ చేతులా?

"తమ్ముడూ."

వంటక్క తన గది ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. రెండు చేతులకీ మోచేతులదాకా తెల్లటి కట్లు. వాటిని ఒళ్ళో, అరచేతులు పైకి ఉండేలా పెట్టుకుంది, ఎవరివో దాచమని ఇస్తే పట్టుకున్నట్టు. ముక్కు దురద పెడుతోంది కాబోలు, భుజానికేసి రాసుకుంది.

మేస్త్రి రంపం కింద పెట్టాడు. "ఎలా ఉందక్కా?"

"వంట తప్పింది. మహారాణిలా కూర్చున్నా." ఆమె ఈసారీ నవ్వలేదు. "నువ్వు చెప్పినట్టే పైనుంచి పట్టుకున్నా తమ్ముడూ. మేడం చుట్టాలొచ్చారు. రెండు కోళ్ళు ఒక్క ట్రేలోనే పెట్టమన్నారు. ఇనప ట్రే. సగం లాగానో లేదో మొత్తం మీదికొచ్చింది. వదిలేసి వెనక్కి గెంతితే ఏమీ అయ్యేది కాదేమో. పట్టుకోమన్నావు కదాని వదల్లేదు. కాగిన కొవ్వంతా ఇలా దిగింది."

మేస్త్రి ఆ కట్ల మీదినుంచి చూపు తిప్పుకున్నాడు.

"నిన్నేమీ అనడం లేదు," అంది. "లోపలికెళ్ళి నా గూట్లో చూడు. అగ్గిపెట్టె ఉంటుంది. తీసుకో."

గూట్లో దువ్వెన, మందు చీటీ, అగ్గిపెట్టె ఉన్నాయి. మేస్త్రి పెట్టె తోశాడు. పుల్లలు లేవు. రెండు నల్ల స్క్రూలు పక్కపక్కన పడుకుని ఉన్నాయి.

"బుధవారం రాత్రి కిటికీ తుడుస్తుంటే దొరికాయి. ఎక్కడ పోతాయోనని దాచా. సారుకి గురువారం చెప్పాను, స్క్రూలు నా దగ్గరున్నాయి బిగిస్తారా అని. ఆదివారం చూద్దాం అన్నారు. ఇవాళ నన్నడగలేదు. ఆ మాట ఆయనకి గుర్తు లేదో, గుర్తుండే అడగలేదో." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మూడింటికి వచ్చే మనిషికి చూపించు. ఇవి అప్పటికే తీసేసి ఉన్నాయని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు, పనివాడివి. కొత్త ఓవెను వాళ్ళకి వస్తే వచ్చింది, రాకపోతే పోయింది. నా చేతులు వణికాయని మాత్రం అనకూడదు తమ్ముడూ. ఆ మాట ఒకింటినుంచి ఇంకో ఇంటికి పోతుంది. కాలింది మానుతుంది. ఆ మాట పడ్డాక వంటింట్లోకి నన్నెవరు రానిస్తారు?"

"సరే అక్కా," అన్నాడు మేస్త్రి.

అగ్గిపెట్టె చొక్కా జేబులో వేసుకున్నాడు.

పన్నెండుకల్లా కొత్త పెట్టె గోడకి ఎక్కింది. పాత పెట్టెని ఏం చెయ్యాలని అడిగితే, పెరట్లో ముక్కలు చేసెయ్యమన్నాడు ఇంటాయన. రంధ్రాలున్న రెండు పలకలూ రంపం కింద ఒకదాని తర్వాత ఒకటి తెగిపోయాయి. ఓవెను సొట్టకి గుడ్డ అడ్డం పెట్టి కొయ్యసుత్తితో లోపలినుంచి మెల్లగా కొట్టాడు. సొట్ట చాలావరకు పోయింది. మంచి పనితనం. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి.

ఇద్దరూ ఎత్తి ఓవెనుని పెట్టెలోకి తోశారు. ఇంటాయన ఖాళీ రంధ్రాల వైపు చూసి, గడియారం చూసి, బల్లమీది పెద్ద కాగితాన్ని మళ్ళీ పరిచాడు. కింది మూలలో గీత గీసి ఉంది. "ఇక్కడ పెట్టు సంతకం. సాయంత్రం ఇంజనీరుకి పంపేస్తాను. సోమవారం పని మొదలు. ఇక ఆ స్క్రూల సంగతి నీ దయ." ఆయన గదిలోంచి వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఒక్కడే మిగిలాడు. పెరట్లో కుళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు, చుక్కలు పడుతున్నాయి. జేబులో అగ్గిపెట్టె ఊపిరి తీసినప్పుడల్లా గుండెకి తగులుతోంది.

తీశాడు. తెరిచాడు. సంచిలోంచి నక్షత్రం బిట్టున్న స్క్రూడ్రైవరు తీశాడు.

కొత్త ప్లైవుడ్ బిగువుగా ఉంటుంది. చివరి చుట్టుకి మణికట్టు నొప్పి పుట్టింది. ఇటొకటి. అటొకటి.

కంపెనీ మనిషి చెప్పిన టైముకే వచ్చాడు. కళ్ళజోడు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచాడు. ఓవెను తలుపు తెరిచి, చట్రం రెండు పక్కలా వేలుపెట్టి చూశాడు. పట్టుకుని ముందుకి లాగాడు. కదల్లేదు. తల ఊపి అట్టమీద గుర్తు పెట్టుకున్నాడు.

"ఎవరు బిగించారు?"

"నేనే," అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడు?"

"సోమవారం."

"మధ్యలో ఎవరైనా తీశారా?"

గుమ్మం దగ్గర ఏదో కదిలింది. వంటక్క వచ్చి నిలబడింది. తెల్లటి కట్లు రెండూ గాలిలో పైకెత్తి పట్టుకుంది, దేనికీ తగలకుండా. మేస్త్రి వైపే చూస్తోంది. చూపులో అనుమానం లేదు. అతను చెప్పబోయే మాట కోసం ఆగినట్టుంది.

"లేదు," అన్నాడు మేస్త్రి.

కంపెనీ మనిషి రాసుకున్నాడు. "అద్దంలో లోపం," అని తనలో తాను చదువుకున్నాడు. "శబ్దానికి కంగారుపడి ట్రే జారవిడిచారు. అంతేనా సార్?"

"అంతే," అన్నాడు ఇంటాయన.

కంపెనీ మనిషి వంటక్క వైపు తిరిగాడు. "జాగ్రత్తగా ఉండాలమ్మా. ఇంకా నయం, కళ్ళలోకి పోలేదు." నిజంగానే జాలిపడ్డాడు.

ఆయన్ని సాగనంపడానికి ఇంట్లోవాళ్ళిద్దరూ వీధి గుమ్మందాకా వెళ్ళారు. గదిలో మేస్త్రి, వంటక్క మిగిలారు. మేస్త్రి స్క్రూడ్రైవరు తుడుస్తున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడుస్తున్నాడు.

"తలుపు తియ్యి తమ్ముడూ," అంది.

"అక్కా, నేను..."

"నా చేతులతో రాదు కదా. తియ్యి."

తీశాడు. ఆమె వంగింది. ఎడమ పక్కన నల్ల తల చూసింది. కుడి పక్కన నల్ల తల చూసింది. చాలాసేపు చూసింది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చుకుంటున్న మనిషిలా.

"బాగా బిగించావు," అంది. "ఇక కదలదు."

నాలుగున్నరకి సంచి మోచేతికి తగిలించుకుని బయటికొచ్చింది. చెల్లెలి ఇంటికట. చేతులు మానాక కబురు చెయ్యమంది ఇంటావిడ, చూద్దామంది. పెరటి గేటు గడియ తియ్యలేక మోకాలితో నెడుతుంటే మేస్త్రి పరుగున వెళ్ళి తీశాడు. సంచి అందుకోబోయాడు. ఆమె దాన్ని రెండో మోచేతికి మార్చుకుంది. దారి పొడవునా కట్లని ఎత్తి పట్టుకునే నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు తొలిగి దారిచ్చారు.

ఇంటాయన పిలిచాడు. ఉత్సాహంగా ఉన్నాడు. కొత్త ఓవెను పది రోజుల్లో వస్తుందట. "ఇప్పుడు వండేవాళ్ళు కూడా లేరు కదా, భోజనం బయటినుంచి తెప్పించేస్తాం. ఈ పెట్టె, ఆ తలుపూ అన్నీ తీసెయ్. సోమవారం పడగొట్టడం మొదలు. సంతకం పెట్టావా?"

"పెట్టాను సార్."

మేస్త్రి ఓవెను ముందు కూర్చుని స్క్రూడ్రైవరు తిప్పాడు. ఆ పొద్దున్నే కోసిన కొత్త చెక్క, స్క్రూలని తేలిగ్గా వదల్లేదు. రెంటినీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. కిటికీలో పెట్టబోయి ఆగాడు. చివరికి తన స్క్రూల డబ్బా మూత తీసి అందులో పడేశాడు. డబ్బా గలగలలాడించాడు. ఇంకోసారి ఆడించాడు.

వందల కొద్దీ తెల్ల స్క్రూలు. ఎన్నిసార్లు కలిపినా ఆ రెండు నల్ల తలలు పైకే వచ్చి కనిపిస్తున్నాయి.